ఆరోగ్య దీపిక : నాడీమండలానికీ కాన్సర్ వ్యాధికీ గల సంబంధం

“మనోవ్యాధికి మందు లేదు” అన్న సామెత మనకందరకూ తెలిసినదే. ఈ సామెతను కొందరు ఇంకొంత దూరం తీసుకొనిపోయి, మనోవ్యాధియే సకల వ్యాధులకూ మూలమనీ, కాన్సర్ కూడా దిగులు వలననే వస్తుందనీ నమ్ముతారు. కుటుంబంలో ఒకరికి ఈ వ్యాధి ఉన్నదని నిర్ధారణ అయిన నాడు ఇంటిలోనివారు తమలో తాము వేసుకునే ప్రశ్న కూడా తరచుగా ఇదే. “ఆ బాధను మనసులో పెట్టుకొని కుమిలిపోయినందువలననే ఇట్లు జరిగినదా?” అని రోగి తనను తాను నిందించుకుంటాడు. “మా వలననే ఆమెకు ఇన్ని చికాకులు” అని భర్తా పిల్లలూ కుంగిపోతారు. వ్యాధి పెట్టే బాధకు ఈ అపరాధ భావన తోడై ఇంటిల్లిపాదినీ కృశింపజేస్తుంది.

మనసుకు నిలయమైన మెదడుకూ, అక్కడి నుండి శరీరమంతటా వ్యాపించిన నాడులకూ, ఎక్కడో మొలిచిన కాన్సర్ కణితికీ నిజంగా సంబంధం ఉన్నదా? ఉన్నచో అది ఎట్టిది? చికిత్సలో దానివలన మనకు ఏమి ప్రయోజనం? గత రెండు దశాబ్దాలలో వైద్య శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నలపై విశేషమైన కృషి చేసినారు. సంబంధం ఉన్నది, కాని అది మనము సాధారణంగా ఊహించుకునే రీతిలో లేదు. ఆ వివరాలను ఈ సంచికలో పరిశీలించుదాము.

శరీరంలోని తీగల వ్యవస్థ

మన కర్మాగారాన్నే పోలికగా తీసుకొందాము. బ్లాస్ట్ ఫర్నేసులు, స్టీల్ మెల్టింగ్ షాపులు, రైలు మిల్లు ఎవరి పని వారు చేసుకొనిపోతున్నట్లు కనిపించినా, కంట్రోలు రూముల నుండి బయలుదేరిన వేలాది కేబుళ్లు వాటన్నిటినీ ఒక్కటిగా కలుపుతున్నవి. శరీరంలో మెదడు, వెన్నుపాము కంట్రోలు రూముల వంటివి. నాడులు కేబుళ్ల వంటివి. మన ఇచ్ఛతో ప్రమేయం లేకుండా గుండె, ఊపిరితిత్తులు, జీర్ణాశయం మొదలైన అవయవాలను నడిపించే నాడుల విభాగాన్ని స్వయంచోదిత నాడీవ్యవస్థ అంటారు.

ఇందులో రెండు శాఖలు ఉన్నవి. ఆపద ఎదురైనప్పుడు గుండె వేగాన్ని పెంచి, కండరాలకు రక్తాన్ని పంపి, మనలను పోరాటానికో పరుగుకో సిద్ధపరచేది సహానుభూత శాఖ. దీని నాడుల చివరల నుండి నార్ఎడ్రినలిన్, మూత్రపిండాలపై టోపీల వలె ఉండే ఎడ్రినల్ గ్రంథుల నుండి ఎడ్రినలిన్ విడుదలవుతాయి. ఆపద తొలగిన పిమ్మట శరీరాన్ని శాంతింపజేసి, జీర్ణక్రియను నడిపించేది రెండవ శాఖ. మెదడు అడుగు భాగం నుండి బయలుదేరి, మెడ మీదుగా పొట్ట వరకు ప్రయాణం చేసే వేగస్ నాడి ఈ రెండవ శాఖలో ముఖ్యమైనది.

కాన్సర్ కణితి కూడా శరీర కణాలతోనే తయారైనది కదా. శరీర కణాలలో అనేకం ఈ నాడుల సందేశాలను అందుకొనగల గ్రాహకాలను కలిగి ఉంటాయి. కాన్సర్‌గా మారిన తరువాత కూడా ఆ గ్రాహకాలు అనేక కణితులలో అట్లే నిలిచి ఉంటాయి. అసలు కథ ఇక్కడ ప్రారంభమవుతుంది.

కణితి నాడులను పిలుచుకొనుట

ఈ కథలో తొలి అధ్యాయం రీటా లెవీ-మోంటాల్చినీ అనే ఇటలీ దేశపు శాస్త్రజ్ఞురాలిది. 1938లో ముస్సోలినీ ప్రభుత్వం యూదులకు వ్యతిరేకంగా చట్టాలు చేయగా ఆమె ఉద్యోగం కోల్పోయినది. అయినను అధైర్యపడక, ట్యూరిన్ నగరంలో తన పడకగదినే ప్రయోగశాలగా మార్చుకొని, కోడిగుడ్లలోని పిండాలపై నాడుల పెరుగుదలను పరిశీలించినది. యుద్ధానంతరం అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరానికి వెళ్లి, 1950వ దశకం తొలి సంవత్సరాలలో ఎలుక నుండి తీసిన ఒక కణితిని కోడి పిండానికి అతికించి చూసినది. పిండంలోని నాడులు గుంపులు గుంపులుగా ఆ కణితిలోనికి చొచ్చుకొనిపోవడం కనిపించినది. కణితి ఏదో ఒక పదార్థాన్ని వెలువరించి నాడులను తన వైపునకు రప్పించుకొంటున్నదని ఆమె గ్రహించినది. నాడీవృద్ధి కారకం అని పేరొందిన ఆ పదార్థాన్ని కనుగొన్నందుకు ఆమెకూ, సహ పరిశోధకుడు స్టాన్లీ కోహెన్‌కూ 1986లో నోబెల్ బహుమతి లభించినది. ఆమె 103 సంవత్సరాలు జీవించి 2012లో కన్నుమూసినది.

నాడులకు సంబంధించిన ఇంత గొప్ప సత్యం ఒక కాన్సర్ కణితి మూలముననే బయటపడినప్పటికీ, కణితికి ఆ నాడులతో ఏమి పని అన్న ప్రశ్న చాలాకాలం మరుగున పడినది. కణితి రక్తనాళాలను తన వైపునకు రప్పించుకొని ఆహారం సంపాదించుకొంటుందని తెలిసినది కాని, నాడులు అక్కడ కేవలం ప్రేక్షకులని భావించేవారు.

2013లో న్యూయార్కులోని ఆల్బర్ట్ ఐన్‌స్టైన్ వైద్య కళాశాలకు చెందిన క్లేర్ మాన్యోన్, పాల్ ఫ్రెనెట్ బృందం ఈ అభిప్రాయాన్ని మార్చివేసినది. ఎలుకలలో ప్రొస్టేటు గ్రంథికి వెళ్లే సహానుభూత నాడులను ముందుగానే నశింపజేసినచో అక్కడ కణితి పాతుకొనలేకపోయినది. రెండవ శాఖ నాడుల సందేశాలను అడ్డగించినచో, కణితి ఇతర భాగాలకు వ్యాపించుట తగ్గినది. అనగా ఒక శాఖ కణితి మొలకెత్తడానికీ, మరియొక శాఖ అది పరుచుకొనడానికీ తోడ్పడుతున్నవి. వ్యాధిగ్రస్తులైన 43 మంది పురుషుల కణితులను పరీక్షించగా, నాడులు దట్టంగా ఉన్న కణితులే ఎక్కువ ప్రమాదకరంగా పరిణమించినట్లు కూడా తేలినది.

మరుసటి సంవత్సరం, 2014లో, నార్వే, అమెరికా శాస్త్రజ్ఞుల ఉమ్మడి బృందం జీర్ణాశయ కాన్సర్ గల ఎలుకలలో వేగస్ నాడి శాఖలను ఖండించి గాని, నాడిని స్తంభింపజేసే బొటులినం మందును సూదితో ఎక్కించి గాని కణితుల పెరుగుదలను తగ్గించగలిగినది. వీధి స్తంభం మీది తీగకు రాత్రివేళ కొక్కెం తగిలించి కరెంటు లాగుకొనేవారిని మనము చూస్తుంటాము. కణితి చేసేదీ అట్టి పనియే. శరీరం తన అవసరాలకు వేసుకొన్న తీగకు అది కొక్కెం తగిలించి తన కొంపలో దీపం వెలిగించుకొంటున్నది.

మెదడులోనే పుట్టే గ్లయోమా అనే కణితి విషయంలో ఈ దొంగతనం మరింత ఆశ్చర్యకరమైనది. ఆలోచన, కదలిక మొదలైన పనులు చేసే సమయంలో నాడీకణాలు వెలువరించే ఒక మాంసకృత్తు ఆ కణితికి ఎరువుగా పనిచేస్తున్నదని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మిషెల్ మోంజే బృందం 2015లో నిరూపించినది. 2019లో ఆ బృందమూ, జర్మనీలోని హైడెల్‌బర్గ్ బృందమూ వేరువేరుగా పరిశోధించి, నాడీకణాలు కణితి కణాలతో నిజమైన సంధులను ఏర్పరచుకొని విద్యుత్ సంకేతాలను పంపుతున్నవని ప్రకటించినవి. పెద్ద వయసులో మొట్టమొదటిసారిగా మూర్ఛ వచ్చినచో దానిని ఉపేక్షించక మెదడు పరీక్ష చేయించవలెనని వైద్యులు పట్టుబట్టడానికి గల కారణాలలో ఇట్టి కణితి ఒకటి.

దిగులు వలన కాన్సర్ వస్తుందా?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాము. టెక్సాస్ రాష్ట్రంలోని ఎం.డి. ఆండర్సన్ కాన్సర్ కేంద్రంలో భారత సంతతికి చెందిన డాక్టర్ అనిల్ సూద్ బృందం 2006లో ఒక ప్రయోగ ఫలితాన్ని ప్రకటించినది. అండాశయ కాన్సర్ కణాలను ఎక్కించిన ఎలుకలను ప్రతి దినం కొంతసేపు కదలలేని ఇరుకు గొట్టాలలో బంధించగా, వాటిలో కణితులు త్వరగా పెరిగి రక్తనాళాలను విస్తరింపజేసుకొన్నవి. నార్ఎడ్రినలిన్ సందేశాన్ని అడ్డగించే ప్రొప్రనొలాల్ అనే మందును ఇచ్చినప్పుడు ఆ ప్రభావం తొలగిపోయినది. కావున దీర్ఘకాలపు ఒత్తిడి, అప్పటికే ఉన్న కణితికి సహాయం చేయగలదని జంతువులలో రుజువైనది.

కాని “ఉన్న కణితికి సహాయం” వేరు, “కణితి పుట్టుటకు కారణం” వేరు. ఈ భేదాన్ని మరువరాదు. ఉద్యోగపు ఒత్తిడి వలన కాన్సర్ వస్తుందా అనే విషయమై యూరప్ దేశాలలో 1,16,000 మందికి పైగా ఉద్యోగుల వివరాలను సమీకరించి జరిపిన అధ్యయనం 2013లో వెలువడినది. పెద్దప్రేగు, ఊపిరితిత్తులు, రొమ్ము, ప్రొస్టేటు కాన్సర్లలో దేనికీ ఉద్యోగపు ఒత్తిడితో సంబంధం కనిపించలేదు. కావున వ్యాధి వచ్చినవారు “నా దిగులే నన్ను ఈ స్థితికి తెచ్చినది” అని తమను తాము శిక్షించుకొనవలసిన పని లేదు. అట్టి మాటను వారి ఎదుట అనడానికి బంధువులకూ హక్కు లేదు.

కర్మాగారపు ఉద్యోగులు అడిగే మరొక ప్రశ్న రాత్రి షిఫ్టును గురించినది. వెలుతురు, చీకటులను బట్టి శరీరానికి కాలం చెప్పే గడియారం మెదడులోనే ఉన్నది. ఏళ్ల తరబడి రాత్రి మేల్కొని పనిచేయుట ఆ గడియారాన్ని కలతపెడుతుంది. అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ 2007లోను, మరల 2019లోను రాత్రి షిఫ్టు పనిని “బహుశా కాన్సర్ కలిగించగలిగినవి” అన్న వర్గంలో చేర్చినది. నిర్ధారణ అయిన కారకాల వర్గం వేరు. పొగాకు ఉన్నది ఆ వర్గంలో. రాత్రి షిఫ్టు చేసేవారు పగటి నిద్రకు చీకటి గదిని, నిశ్శబ్దాన్ని ఏర్పాటు చేసుకొనుట మంచిది. ఈ విషయంలో కుటుంబ సభ్యుల సహకారం అత్యవసరం. కాని నిద్రను ఆపుకొనడానికి గుట్కా, ఖైనీ నమలుట మాత్రం చిన్న అనుమానం నుండి తప్పించుకొనబోయి పెద్ద ప్రమాదం నోట వేసుకొనుటయే.

నోటిలోని కాన్సర్, నాడులు చేసే హెచ్చరిక

శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల నుండి వచ్చి ఈ ప్రాంతంలో స్థిరపడిన కుటుంబాలలోని పెద్దలకు అడ్డచుట్ట అలవాటు సుపరిచితమే. చుట్ట నిప్పును నోటి లోపలికి పెట్టి పొగ పీల్చే ఈ పద్ధతి అక్కడి స్త్రీలలో అధికంగా ఉండేది. దానివలన అంగిట్లో కలిగే మార్పులను గురించి డెన్మార్క్ దేశపు శాస్త్రజ్ఞుడు పిండ్‌బోర్గ్, మన దేశానికి చెందిన మెహతా, వారి సహచరులు ఆంధ్రప్రదేశ్ గ్రామాలలో 10,169 మందిని పరీక్షించి, 1971లో ప్రకటించిన వ్యాసం ప్రపంచ వైద్య సాహిత్యంలో నేటికీ ఉదాహరింపబడుతున్నది. ఇక్కడ ఛత్తీస్‌గఢ్‌లో చుట్టకు బదులు గుడాఖు ఉన్నది. పొగాకు, బెల్లపు పాకం కలిపిన ఈ ముద్దను పళ్లపొడి వలె రోజుకు పలుమార్లు చిగుళ్లకు రాసుకొనడం కుమ్హారి, చరోదా బస్తీలలోనూ, చుట్టుపక్కల పల్లెలలోనూ కనిపిస్తున్నది. మన ఆడపడుచులు కొందరు కూడా దీనికి అలవాటుపడినారు. పంటి నొప్పి తగ్గుతుందని ప్రారంభించి మానలేకపోతారు. నికోటిన్ నాడీకణాల గ్రాహకాలను పట్టుకొని వదలకపోవుటయే అందుకు కారణం.

నోటి కాన్సర్‌కు నాడులతో విశేషమైన అనుబంధం ఉన్నది. కణితి కణాలు నాడి చుట్టూ ఉన్న పొరలలోనికి దూరి, దారి వెంట నడిచినట్లు నాడి వెంట దూరానికి ప్రయాణం చేస్తాయి. శస్త్రచికిత్సలో తీసిన ముక్కను సూక్ష్మదర్శినితో పరీక్షించే వైద్యుడు “నాడుల వెంట వ్యాప్తి ఉన్నది” అని వ్రాసినచో, ఆ తరువాత కిరణ చికిత్స అవసరమా అన్న నిర్ణయంలో అది ఒక ముఖ్యాంశం అవుతుంది. నోటి కాన్సర్ కణాలు పి53 అనే రక్షక జన్యువును కోల్పోయినప్పుడు, సమీపంలోని స్పర్శ నాడుల స్వభావాన్నే మార్చి, వాటిని సహానుభూత నాడుల వలె పనిచేయించుకొంటున్నవని 2020లో ఎం.డి. ఆండర్సన్ కేంద్రానికి చెందిన మోరాన్ ఆమిత్ బృందం వెల్లడించినది.

పాఠకులకు ఇందులో ప్రత్యక్షమైన ఉపయోగం ఉన్నది. నాడి దెబ్బతినుట ఆరంభమైనప్పుడు శరీరం కొన్ని హెచ్చరికలు చేస్తుంది. క్రింది పెదవి గాని, గడ్డం గాని కారణం లేకుండా మొద్దుబారుట. చెవిలో ఏ జబ్బూ లేకుండా ఒకవైపు చెవిపోటు నిలిచిపోవుట. మూడు వారాలైనా గొంతు బొంగురు తగ్గకపోవుట. నాలుక ఒక ప్రక్కకు లాగుకొనిపోవుట. నోటిలో మానని పుండు, తెల్లని లేక ఎర్రని మచ్చ, నోరు పూర్తిగా తెరవలేకపోవుట — వీటిలో ఏ ఒక్కటి కనిపించినా పరీక్ష చేయించుకొనవలెను. కాన్సర్ చికిత్స పొందినవారికి వెన్నునొప్పి తీవ్రమై, కాళ్లలో బలం తగ్గినా, మలమూత్రాలపై అదుపు తప్పినా అది వెన్నుపాముపై ఒత్తిడికి చిహ్నం కావచ్చును. అప్పుడు రేపటి కొరకు ఆగరాదు. ఆ రోజే ఆసుపత్రికి తీసుకొనిపోవలెను. కాళ్లు పూర్తిగా చచ్చుబడక ముందు చికిత్స ప్రారంభమైనచో నడక నిలిచే అవకాశం ఎంతో ఎక్కువ.

శస్త్రచికిత్సకు ముందు ఒక సూదిమందు

నాడుల సందేశాలను అడ్డగించి కాన్సర్‌ను అదుపు చేయవచ్చునా? ఈ ప్రశ్నకు సంబంధించిన ఒక ముఖ్యమైన పరిశోధన మన దేశంలోనే జరిగినందుకు మనము గర్వించదగును. ముంబయిలోని టాటా స్మారక కేంద్రానికి చెందిన డాక్టర్ రాజేంద్ర బడ్వే నాయకత్వంలో 2011 నుండి 2022 వరకు దేశంలోని 11 కేంద్రాలలో రొమ్ము కాన్సర్ శస్త్రచికిత్స చేయించుకొనే స్త్రీలపై ఇది జరిగినది. సగం మందికి యథావిధిగా శస్త్రచికిత్స చేసినారు. మిగిలిన సగం మందికి కణితిని కోయడానికి కొద్ది నిమిషాల ముందు, దాని చుట్టూ లిగ్నోకైన్ సూదిమందును ఎక్కించినారు. పన్ను పీకే ముందు దంతవైద్యుడు చిగురుకు ఇచ్చే మొద్దుబార్చే మందు ఇదియే. నాడిలో సంకేతం ప్రవహించడానికి తోడ్పడే సోడియం ద్వారాలను ఇది మూసివేస్తుంది. అట్టి ద్వారాలు కాన్సర్ కణాలపై కూడా ఉన్నవి. కత్తి తగిలిన క్షణంలో కణితి కణాలు ఉద్రేకించి రక్తంలోనికి పారిపోకుండా ఈ మందు అడ్డుకొనవచ్చునని పరిశోధకుల ఊహ.

1,583 మంది స్త్రీల ఫలితాలు 2023లో ప్రచురితమైనవి. ఐదేళ్ల తరువాత వ్యాధి తిరుగబెట్టకుండా ఉన్నవారు మందు ఇవ్వని వర్గంలో నూటికి 82.6, ఇచ్చిన వర్గంలో 86.6. జీవించి ఉన్నవారు మందు ఇవ్వని వర్గంలో 86.4, ఇచ్చిన వర్గంలో 90.1. నూరుమందిలో మరి నలుగురు అన్నమాట చిన్నదిగా తోచవచ్చును. కాని లక్షలు ఖరీదు చేసే కొన్ని నూతన ఔషధాలు కూడా ఇంతకంటె ఎక్కువ మేలు చేయలేవు. ఇది ప్రతి చిన్న ఆసుపత్రిలోనూ దొరికే చవక మందు. శస్త్రచికిత్సకు ముందు మీ వైద్యుని ఈ విషయమై వినయంగా అడుగుటలో తప్పు లేదు.

ప్రొప్రనొలాల్ మందుపై కూడా మనుష్యులలో పరీక్షలు జరుగుతున్నవి. ఆస్ట్రేలియాలో 60 మంది రొమ్ము కాన్సర్ రోగులపై జరిపి 2020లో ప్రకటించిన పరీక్షలో, శస్త్రచికిత్సకు ముందు ఒక వారం ఈ మందు వాడినవారి కణితులలో వ్యాప్తిని సూచించే లక్షణాలు తగ్గినవి. ఆయుష్షు పెరిగినదని మాత్రం ఆ పరీక్ష చెప్పలేదు. రక్తపోటుకు, గుండెదడకు వాడే ఈ మందు ఉబ్బసం ఉన్నవారికి ప్రాణాపాయం కలిగించగలదు. కావున పొరుగింటివారి మాట విని దుకాణంలో కొని మింగరాదు.

మెదడు కోట, ఎల్లాప్రగడ వారి ఔషధం

కొన్ని సమయాలలో నాడీమండలమే కాన్సర్ కణాలకు దాగుకొనే చోటుగా మారుతుంది. రక్తంలోని విషపదార్థాలు మెదడులోనికి ప్రవేశించకుండా ప్రకృతి ఒక కోటగోడను నిర్మించినది. చాలా రకాల కాన్సర్ మందులు ఈ గోడను దాటలేవు. పిల్లలలో వచ్చే రక్తకాన్సర్‌కు మందులిచ్చి రక్తాన్ని శుద్ధిచేసిన తరువాత కూడా, మెదడు పొరలలో దాగిన కణాల వలన వ్యాధి తిరిగి రావడం తొలి దశాబ్దాలలో వైద్యులను నిరాశపరచినది.

ఇక్కడ మనవాడైన మహనీయుని స్మరించుట మన విధి. 1895 జనవరి 12న భీమవరంలో జన్మించి, మద్రాసు వైద్య కళాశాలలో చదివి, 1923లో అమెరికా చేరిన డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు, లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లంపై పరిశోధన చేయించి, దానికి విరుద్ధంగా పనిచేసే మందులను తయారుచేయించినారు. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌తో బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్తకాన్సర్ గల బాలలలో తాత్కాలికంగానైనా వ్యాధిని అణచగలిగినట్లు 1948 జూన్‌లో ప్రకటించినారు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు పరమపదించినారు. అదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్‌ను వెన్నులోని ద్రవంలోనికి నేరుగా సూదితో ఎక్కించే పద్ధతి తరువాత వచ్చినది. కోటగోడ దాటలేని మందును కోట లోపలికే చేర్చుట ఈ ఉపాయం. నేడు పిల్లల రక్తకాన్సర్ అధిక భాగం నయమగుటకు ఇది ఒక ముఖ్య కారణం. “వెన్నులో సూది వేస్తే పిల్లవాడు అవిటివాడవుతాడు” అన్న భయంతో ఈ చికిత్సను నిరాకరించే తల్లిదండ్రులు ఈ సంగతిని గుర్తుంచుకొనవలెను. సూది వేసే చోట వెన్నుపాము ఉండదు. అది అంతకు పైననే ముగిసిపోతుంది.

చికిత్స నాడులపై చూపే ప్రభావం

మందుల చికిత్స అనగానే అందరకూ గుర్తుకు వచ్చేది వాంతులు. సిస్‌ప్లాటిన్ వంటి మందు పేగు లోపొరలోని కణాలను బాధించగా అవి సెరటోనిన్‌ను వెలువరిస్తాయి. అది వేగస్ నాడి చివరలను తట్టగా, ఆ వార్త మెదడులోని వాంతి కేంద్రానికి చేరుతుంది. 1990వ దశకం ఆరంభంలో వాడుకలోనికి వచ్చిన ఒండాన్సెట్రాన్ ఈ తట్టుడును అడ్డగిస్తుంది. దానికి ముందు అనేకులు వాంతులకు భయపడి చికిత్సను మధ్యలో విడిచిపెట్టేవారు. వాంతి నివారణ మందును వాంతి వచ్చిన తరువాత కాక, వైద్యుడు చెప్పిన వేళకు ముందుగానే వేసుకొనవలెను. కొందరికి ఆసుపత్రి గేటు చూడగానే కడుపులో తిప్పుతుంది. అది నటన కాదు, పిరికితనం కాదు. మొదటి అనుభవాన్ని మెదడు నేర్చుకొని జ్ఞాపకం ఉంచుకొనుట. తొలి విడతలోనే వాంతులను బాగుగా అదుపు చేసినచో ఈ అలవాటు చాలావరకు ఏర్పడదు.

విన్‌క్రిస్టిన్, పాక్లిటాక్సెల్, సిస్‌ప్లాటిన్, ఆక్సాలిప్లాటిన్ మందులు చేతివేళ్ల, కాలివేళ్ల నాడులను బాధిస్తాయి. తిమ్మిరి, మంట, గుండీలు పెట్టుకొనలేకపోవుట, చెప్పు జారిపోయినా తెలియకపోవుట దీని లక్షణాలు. మధుమేహం ఉన్నవారు మరింత జాగ్రత్తగా ఉండవలెను. చికిత్స ఆపివేస్తారేమో అన్న భయంతో కొందరు ఈ సంగతిని దాచిపెడతారు. వైద్యునికి ముందుగా తెలిసినచో మోతాదు సవరించగలడు; ఆలస్యమైనచో నాడి దెబ్బ శాశ్వతం కావచ్చును. స్పర్శ తగ్గినవారు స్నానపు నీటి వేడిని మోచేతితో గాని, ఇంటివారి చేత గాని చూపించుకొనవలెను. చెప్పులు లేకుండా నడువరాదు. వేడి పనిస్థలాలలో విధులు నిర్వహించేవారు తిరిగి డ్యూటీలో చేరే ముందు కర్మాగారపు వైద్యునికి ఈ విషయం తప్పక తెలుపవలెను. ఆక్సాలిప్లాటిన్ తీసుకొన్న కొద్ది రోజుల వరకు ఫ్రిజ్ నీరు, చల్లని వస్తువులు తాకరాదు. చలి తగిలినచో వేళ్లు, గొంతు కరెంటు కొట్టినట్లవుతాయి.

నొప్పిని భరించుట వ్రతం కాదు

కణితి నాడిని నొక్కినప్పుడు గాని, నాడిలోనికి చొచ్చుకొనిపోయినప్పుడు గాని కలిగే నొప్పి సాధారణమైన మాత్రలకు లొంగదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే నొప్పి తీవ్రతను బట్టి మెట్లు మెట్లుగా మందులు ఇచ్చే విధానాన్ని ప్రకటించినది. పై మెట్టున ఉన్నది మార్ఫిన్. మన దేశంలో 1985 నాటి మాదక ద్రవ్యాల చట్టపు కఠిన నిబంధనల వలన అనేక ఆసుపత్రులు మార్ఫిన్‌ను ఉంచుకొనడమే మానివేసినవి. 2014లో చట్టాన్ని సవరించి నిబంధనలను సులభతరం చేసినారు. వైద్యుని పర్యవేక్షణలో నొప్పికి తగిన మోతాదులో తీసుకొనే మార్ఫిన్ మనిషిని వ్యసనపరునిగా మార్చదు, ఆయుష్షును తగ్గించదు. క్లోమగ్రంథి కాన్సర్ వంటి వాటిలో పొట్ట వెనుక భాగంలోని నాడుల ముడిని సూదిమందుతో నిర్వీర్యం చేసి నొప్పిని తగ్గించే పద్ధతి కూడా ఉన్నది.

ఉపశమన వైద్యం అనగా ఆశ వదులుకొనుట అన్న భ్రమ మనలో ఉన్నది. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో ముదిరిన ఊపిరితిత్తుల కాన్సర్ గల 151 మందిపై జరిపి 2010లో ప్రకటించిన అధ్యయనంలో, మొదటి నుండి ఉపశమన వైద్యాన్ని కూడా జోడించిన వర్గంలో దిగులు తగ్గుటయే కాక, మధ్యస్థ జీవితకాలం 8.9 నెలల నుండి 11.6 నెలలకు పెరిగినది. బృందాలుగా కూర్చుండి మనసు విప్పి మాట్లాడుకొనుట వలన రొమ్ము కాన్సర్ రోగుల ఆయుష్షు పెరుగుతుందని 1989లో ఒక చిన్న పరిశోధన చెప్పినది. 2001లో జరిగిన పెద్ద పరిశోధన ఆయుష్షు పెరుగలేదనీ, నొప్పి, మనోవేదన మాత్రం తగ్గినవనీ తేల్చినది. ఆ తగ్గుట మాత్రం స్వల్పమైన లాభమా?

కుటుంబ సభ్యులు చేయదగినది

రోగి ఎదుట “ధైర్యంగా ఉండు, నీవు దిగులుపడితే వ్యాధి ముదురుతుంది” అని పదే పదే చెప్పుట అనేక ఇండ్లలో జరుగుతున్నది. ఉద్దేశం మంచిదే. కాని దాని ఫలితంగా రోగి తన భయాన్ని లోపల దాచుకొని ఏడుపును కూడా ఒక నేరంగా భావిస్తాడు. ఏడువవలెనని అనిపించినప్పుడు ఏడువనిచ్చి ప్రక్కన కూర్చుండుటయే మంచి ఔషధం. ప్రాణాయామం, భజన, సాయంకాలపు నడక, మనుమలతో ముచ్చట్లు నిద్రనూ ఆకలినీ మెరుగుపరుస్తాయి. వాటిని చికిత్సకు తోడుగా చేయవలెనే గాని, చికిత్సకు బదులుగా కాదు. మనసు గట్టిదైనంత మాత్రాన కణితి కరగదు; మనసు బలహీనమైనంత మాత్రాన చికిత్స విఫలం కాదు.

మన ప్రాంతంలో చికిత్సా సౌకర్యాలకు కొదువ లేదు. సెక్టారు-9లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆసుపత్రి మన సంస్థదే. కుమ్హారికి ఒకవైపు భిలాయి, మరొకవైపు రాయపూర్. ఖారున్ నది దాటినచో ప్రాంతీయ కాన్సర్ కేంద్రం, అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ ఉన్నవి. స్వస్థలంలో బంధువుల మధ్య చికిత్స పొందగోరేవారికి విశాఖపట్నంలో టాటా స్మారక కేంద్రం వారి హోమీ భాభా కాన్సర్ ఆసుపత్రి, హైదరాబాదులో ఎం.ఎన్.జె. కాన్సర్ సంస్థ ఉన్నవి. ఎక్కడికి వెళ్లినా పాత కాగితాలు, కణితి ముక్క పరీక్ష నివేదిక వెంట తీసుకొనిపోవలెను.

కణితి మన నాడులకు కొక్కెం తగిలించి బ్రతుకుతున్నదని శాస్త్రం కనుగొన్నది. ఆ కొక్కేలను ఒక్కొక్కటిగా తొలగించే మార్గాలను వెదకుట పరిశోధకుల పని. నోటిలోని గుడాఖు, గుట్కాలను ఈ రోజే బయట పారవేయుట, పెదవి మొద్దుబారినప్పుడు ఆలస్యం చేయకుండుట, నొప్పిని దాచకుండుట, రోగిని నిందించకుండుట మన పని. దానికి ఏ ప్రయోగశాలా అవసరం లేదు.